డ్రోన్ అయస్కాంత సర్వేకు ముందు పాటించవలసిన జాగ్రత్తలు

యుద్ధాలు జరిగిన దేశాల్లో నేలలో మిగిలిపోయిన పేలని బాంబులను వెతికే పనికి సిద్ధమవుతూ దేవరకొండ, అచ్చంపేట వైపు చేలల్లో సాధన చేసే బృందాలు ముందుగా గుర్తుంచుకోవలసింది, డ్రోన్ మోసే అయస్కాంత సెన్సార్ ఇనుమును పసిగడుతుందే తప్ప పేలుడు మందును కాదు. ఉక్కు తొడుగున్న ఫిరంగి గుండు దొరుకుతుంది, ప్లాస్టిక్ మందుపాతర దొరకదు. బావి లోతు చేయబోయే రైతు ఎవరైనా "పేలని తూటా మిగిలిందేమో పైనుంచి చూసిపెట్టండి" అని అడిగితే, మొహమాటం లేకుండా కుదరదని చెప్పాలి. ఇక్కడ తూటా అంటే రాయి పగలగొట్టడానికి పెట్టే పేలుడు మందు కట్ట, దానిలో ఇనుము ఉండదు, దాన్ని పేల్చే డిటోనేటర్ గొట్టం కూడా సాధారణంగా అల్యూమినియందో రాగిదో అయి ఉంటుంది. మ్యాపులో ఏమీ కనబడలేదన్న మన మాట నమ్మి ఆయన గడ్డపార వేయడం కన్నా ప్రమాదం మరొకటి లేదు.

పత్తి కట్టె పీకి, చేను చదునయ్యాకే డ్రోన్ ఎగరేయడం మంచిది. ఈ ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం 40,000 నానోటెస్లాలకు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) పైనే ఉంటుంది, చిన్న గుండు దానిలో తెచ్చే మార్పు కొద్ది నానోటెస్లాలే. పైగా సెన్సార్‌కూ గుండుకూ మధ్య దూరం రెట్టింపైతే సంకేతం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కనుక, నడుమెత్తు మొక్కల కోసం డ్రోన్‌ను ఒక్క మీటరు పైకి లేపినా లోతున ఉన్నది తప్పిపోవచ్చు. మోటార్ల అయస్కాంత ప్రభావం తగలకుండా సెన్సార్‌ను తాడుతో కిందికి వేలాడదీస్తారు, గాలికి అది ఊగుతున్న పూట సర్వే ఆపాలి.

ఇక్కడ నల్ల గ్రానైటు పేరుతో తవ్వే డోలరైట్ రాతి పట్టీలు, బోరు కేసింగులు, ముళ్లకంచెలు, మట్టిలో కూరుకుపోయిన నాగలి కర్రు కూడా సంకేతాలిస్తాయి. అందుకే తెలిసిన లోతున ఒక ఇనుప గొట్టాన్ని పాతి, అది మ్యాపులో కనబడే వరకు అసలు సర్వే మొదలుపెట్టకూడదు. మన అక్షాంశంలో గుర్తు సరిగ్గా వస్తువు మీదే రాదు. క్షేత్రంలో పెరుగుదల దక్షిణాన, తరుగుదల ఉత్తరాన జంటగా పడతాయి కనుక, వస్తువును సాధారణంగా ఆ రెండింటి మధ్య వెతకాలి.

క్వారీలో మందు నింపి విద్యుత్ డిటోనేటర్లకు తీగలు కలిపే వేళ డ్రోన్‌నూ, రిమోట్‌నూ, వాకీటాకీనీ ఆ దరిదాపులకు తీసుకెళ్లకూడదు, ఎందుకంటే రేడియో తరంగాలు ఆ తీగల్లో కరెంటు పుట్టించగలవు.

అనుమానం కలిగించే లోహపు వస్తువు కంటబడితే తాకకుండా, కదపకుండా, వచ్చిన దారినే వెనక్కి నడిచి, దూరం నుంచే ఆనవాలు రాసుకుని, పిల్లలూ పశువులూ అటు పోకుండా చూస్తూ 112కు ఫోన్ చేయాలి.