ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం బోర్డుల పనివారికి: పెద్ద ప్రింటర్ కొనేముందు, వాడేటప్పుడు జాగ్రత్తలు

• ముందు మీ పనేమిటో తేల్చుకోండి. బజారులో వేలాడే బ్యానర్లే ఎక్కువైతే సాల్వెంట్ (ఘాటైన ద్రావకం కలిసిన ఇంకు) యంత్రం చాలు. దగ్గరగా చూసే బోర్డులకు ఎకో సాల్వెంట్ (ఘాటు తక్కువ ద్రావకం ఇంకు) యంత్రం మేలు, వాసనా తక్కువే.

• ఫ్లెక్స్ (బ్యానర్లు ముద్రించే పీవీసీ ప్లాస్టిక్ షీటు) మందం అడగండి. 100 మైక్రాన్ల (0.1 మిల్లీమీటరు) లోపు పీవీసీ బ్యానర్లపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది.

• లోపల లైటు వెలిగే బోర్డుకు వెనక నుంచి వెలుతురు ప్రసరించే బ్యాక్‌లిట్ ఫ్లెక్సే వాడండి.

• వినైల్ (అంటించే ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు)పై ముద్రించాక ఒక రోజు ఆరనిచ్చి లామినేషన్ (పైన రక్షణ పొర అంటించడం) చేయండి. తొందరపడితే అంచులు లేస్తాయి.

• ఒడియా, తెలుగు పక్కపక్కనే ఉండే బోర్డుల్లో అక్షరాలను కర్వులుగా (ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చాకే ఫైలు పంపండి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. దుకాణదారు పేరే తప్పుపడితే మన పనికి విలువేముంది? ఒడియా బాగా చదివేవారికి ఒకసారి తప్పక చూపించండి.

• ఎర్తింగ్, యూపీఎస్ సరిచూసుకోండి.