ఇయర్‌ఫోన్‌లో మోగే మాట ఫోన్ స్పీకర్‌లో ఎటు పోతోంది?

ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టారు. ఎంతసేపు చూశారో చెప్పే గ్రాఫ్ చూస్తే 3 సెకన్లలోపే జనం జారుకుంటున్నారు. వెంటనే అల్గారిదమ్‌ని తిట్టి హ్యాష్‌ట్యాగ్‌లు మార్చడం మొదలుపెడతారు. దానికంటే ముందు, పెట్టిన వీడియోని ఇంట్లో ఉన్న అన్నిటికన్నా చవక ఫోన్‌లో, ఇయర్‌ఫోన్ లేకుండా, ఫ్యాన్ తిరుగుతుండగా వినండి. విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులో చూసేవాళ్లు వినేది ఇంచుమించు అలాగే. ఈ ఒక్క పని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెయ్యరు.

మాట ఇయర్‌ఫోన్‌లో, ఫోన్ స్పీకర్‌లో ఒకేలా ఉంది

అయితే తప్పు మొదటి షాట్‌ది. "హాయ్ ఫ్రెండ్స్, ఈరోజు మనం బీసెంట్ రోడ్డులో..." అన్న ముక్క కోసేయండి. చీర రేటు చెప్పే షాట్‌నో, పెసరట్టు తిరగేసే షాట్‌నో ముందుకు తెచ్చుకోండి.

ఇయర్‌ఫోన్‌లో బాగుంది, స్పీకర్‌లో మాట బావిలోంచి వస్తోంది, లేదా అసలు లేదు, పాట మాత్రం మామూలే

అసలు దొంగ ఇదే. మీ ఆడియోలో ఎడమ చానల్, కుడి చానల్ ఒకదానికొకటి తిరగబడి ఉన్నాయి. ఒకటి పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతుంది. ఇయర్‌ఫోన్‌లో చెవికొకటి కాబట్టి తెలియదు. ఒకే స్పీకరున్న ఫోన్ రెండింటినీ కలిపేస్తుంది, మాట కొట్టుకుపోతుంది. వెనక వేసిన పాటలో ఈ దోషం లేదు కాబట్టి అది మిగులుతుంది. మాట వాల్యూమ్ ఎంత పెంచినా ఉపయోగం లేదు, రెండు చానళ్లూ కలిసే పెరుగుతాయి.

ఎక్కువగా ఇది కల్యాణమండపాల్లో, స్టేజీ కార్యక్రమాల్లో సౌండ్ మిక్సర్ నుంచి ఫోన్‌కో కెమెరాకో నేరుగా వైరు లాగినప్పుడు వస్తుంది. మిక్సర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఒకే మాటను రెండు తీగల్లో పంపుతుంది, ఒకదాంట్లో తిరగేసి. మామూలు స్టీరియో కేబుల్ తగిలిస్తే కెమెరా వాటిని ఎడమ, కుడి అనుకుంటుంది. ఎడిటింగ్ యాప్‌లో మాట మీద '3డీ', 'వైడ్' లాంటి ఎఫెక్ట్ వేసినా ఇదే గొడవ రావచ్చు. ముందు అది తీసి చూడండి.

నిర్ధారణకు ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మోనో ఆడియో (రెండు చానళ్లనీ ఒకటిగా కలిపేది) ఆన్ చేసి, ఇయర్‌ఫోన్‌తో వినండి. మాట మాయమైతే ఇదే జబ్బు.

బాగుచెయ్యడానికి 'మోనోగా మార్చు' నొక్కకండి. అది రెండు చానళ్లనీ కలుపుతుంది, ఉన్న మాటా పోతుంది. ఒక చానల్‌ని పూర్తిగా తీసేయాలి. వీడియోలోంచి ఆడియో వేరుచేసి ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ట్రాక్ మెనూలో 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' కొట్టి, రెండు ట్రాకుల్లో ఒకటి డిలీట్ చేసి, మిగిలినదాన్ని మోనోగా ఎక్స్‌పోర్ట్ చేసి, వీడియోలో పాత ఆడియో బదులు పెట్టండి. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్‌లో అయితే క్లిప్ ఆట్రిబ్యూట్స్, ఆడియో, ఫార్మాట్ మోనో, ఒకటో చానల్. పాట దీని తరవాతే కలపాలి. ఇప్పటికే పోస్ట్ చేసినది తీసేసి మళ్లీ పెట్టడమే.

ఇకముందు రాకుండా ఉండాలంటే సౌండ్ అతన్ని ఎర్ర, తెల్ల ఆర్‌సీఏ 'రికార్డ్ అవుట్' అడగండి. మిక్సర్ నుంచి వచ్చే బలమైన సిగ్నల్‌ని (లైన్ లెవెల్) నేరుగా మైక్ సాకెట్‌కి ఇస్తే మాట పగులుతుంది. అది వేరే రోగం, మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ వేస్తే పోతుంది.

షాపు లైట్ల కింద నల్ల చారలు పాకుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు దాని లెక్కనే కంటికి తెలియకుండా మిణుకుతాయి. కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 సెకను పెట్టండి. స్లో మోషన్‌కి మాత్రం బయట ఎండలోకి రండి.

అక్షరాలు బటన్ల వెనక దాక్కున్నాయి

1080×1920 ఫ్రేములో కింది పావు భాగం, కుడి అంచు ఖాళీగా వదలండి. తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంట్ మార్చండి.

అకౌంట్‌ని ఎవరో తొక్కేస్తున్నారన్న అనుమానం ఉంటే ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో అకౌంట్ స్టేటస్ పేజీ ఒకసారి చూడండి. అక్కడ హెచ్చరిక ఏమీ లేకపోతే మళ్లీ ఆ చవక ఫోన్ తియ్యండి.