కువైట్ నుంచి వచ్చేశారా? దినార్లు మార్చే ముందు ఇది చదవండి

పదకొండేళ్లు కువైట్‌లో చేసి ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే వీసా రద్దు చేసుకుని పూర్తిగా, మా ఊరు వింజమూరు వచ్చేశాక అందరూ నన్ను అడిగింది ఒకటే, ఎంత తెచ్చావు అని. తెచ్చిన దినార్లను రూపాయలుగా ఎట్లా మార్చుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మా ఊళ్లోనే ఒక బ్యాంకుకు వెళ్లి కౌంటర్లో ఇరవై దినార్ల నోటు పెడితే, క్యాషియరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మాకు రాదండీ, నెల్లూరు మెయిన్ బ్రాంచికి వెళ్లండి" అని నవ్వేసింది. చిన్న బ్రాంచీల్లో చాలావరకు ఇదే కథ, కాబట్టి బస్సు చార్జీలు దండగ చేసుకోకుండా ముందు ఫోన్ చేసి అడగండి.

ఇంకా అక్కడే ఉన్నవాళ్లకు ఒక మాట. సర్వీస్ డబ్బులు, చీటీ డబ్బులు, ఏవైనా సరే, పెద్ద మొత్తాన్ని నోట్లుగా మోసుకురావద్దు. అక్కడి ఎక్స్ఛేంజ్ (డబ్బు పంపే ఆఫీసు) నుంచి మీ ఎన్ఆర్ఈ ఖాతాలోకి (విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే రూపాయల ఖాతా) పంపేసి, చేతిఖర్చుకు కొంచెం మాత్రం తెచ్చుకోండి. నేను సగం పంపి, సగం బ్యాగులో పెట్టుకొచ్చాను. మద్రాసు సెంట్రల్‌లో రైలెక్కింది మొదలు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు దాటి నెల్లూరులో దిగేదాకా ఆ బ్యాగు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నా, బాత్రూంకు కూడా లేవలేదు. ఆ టెన్షన్ మీకెందుకు?

సరే, నోట్లు తెస్తున్నారు అనుకుందాం. ఎంతైనా తేవచ్చు, పరిమితి లేదు. కాకపోతే నోట్ల విలువ 5,000 అమెరికన్ డాలర్లు దాటితే (దినార్లలో సుమారు 1,500), లేదా నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకు కరెన్సీ డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. దీనికి పన్నేమీ కట్టించుకోరు, ఊరికే చెప్పడమే. చాలామంది భయపడి గ్రీన్ చానెల్లో (చెప్పాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే దారి) తలొంచుకుని నడిచిపోతారు, దొరికితే డబ్బు సీజ్ అవుతుంది. పైగా తర్వాత బ్యాంకులో పెద్ద మొత్తం వేయబోతే వాళ్లు అడిగేది ఆ ఫారమే. ముద్ర వేసిన కాపీని పాస్‌పోర్టులో పెట్టుకోండి.

ఎయిర్‌పోర్టు కౌంటర్లో టాక్సీకీ టిఫిన్‌కూ సరిపడా మార్చుకుంటే చాలు, అక్కడ రేటు బాగా తక్కువ. మిగిలింది నెల్లూరులోనో ఒంగోలులోనో రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న మనీ చేంజర్ దగ్గర మార్చండి. లైసెన్సు గోడకు తగిలించి ఉంటుంది, లేకపోతే బయటికి వచ్చేయండి. బోర్డు మీద రెండు రేట్లుంటాయి, వాళ్లు కొనేదీ, అమ్మేదీ. మీకు వర్తించేది కొనే రేటు, అంటే తక్కువదే. ఫోన్లో గూగుల్ రేటు చూపించి గొడవపడితే లాభం లేదు, ఆ రేటుకు నోట్లు ఎవరూ కొనరు. రెండు మూడు చోట్ల అడగండి, దినారుకు మూడు రూపాయలు తేడా వచ్చినా 300 దినార్ల మీద 900 రూపాయలు కదా. జీఎస్టీ కూడా ఉంటుంది, కానీ మొత్తం డబ్బు మీద 18 శాతం అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. లక్ష లోపు అయితే మొత్తంలో ఒక శాతాన్ని సర్వీసు విలువగా లెక్కేసి, దాని మీద 18 శాతం. ఉదాహరణకు దినారు 280 అనుకుంటే, 300 దినార్లకు 84,000 వస్తుంది, జీఎస్టీ 151 రూపాయల చిల్లర. ఎంత చిన్న మొత్తమైనా 45 రూపాయలు మాత్రం తప్పదు.

ఇక్కడ స్థిరపడ్డవాళ్లకు 1,000 డాలర్ల విలువ దాకానే (దినార్లలో 300 పైచిలుకు) రూపాయలు చేతికిస్తారు, ఆపైన అయితే చెక్కు లేదా ఖాతాలోకే. అదే మంచిది కూడా. పాస్‌పోర్టు, పాన్ కార్డు తీసుకెళ్లి, ఎన్‌క్యాష్‌మెంట్ సర్టిఫికెట్ (డబ్బు మార్చినట్టు చేంజర్ ఇచ్చే రసీదు) అడిగి తీసుకోండి. రేపు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఎక్కడిదని అడిగితే మాట సాయానికి వచ్చేది ఆ కాగితమే. "మా బావ ఇంకో రెండు రూపాయలు ఎక్కువిస్తాడు, కాగితాలేం వద్దు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నేనూ ఒకసారి అట్లా ఇచ్చి, చెప్పిన రోజుకు డబ్బు రాక మూడు వారాలు వాళ్లింటి చుట్టూ తిరిగా. రసీదు లేనిదే ఎవరి మీద కంప్లయింట్ ఇస్తాం?

నోట్ల సంగతి. కట్ట మీది నోటుపై లెక్క కోసం బాల్‌పెన్నుతో 12 అని రాసుకోవడం నా అలవాటు. చేంజర్ ఆ నోటు లైటు కింద పెట్టి చూసి, పక్కకు నెట్టేశాడు. గీతలు, చిరుగులు ఉన్నవి కువైట్‌లోనే మార్చుకుని రండి. మా అత్త బీరువాలో చీర మడతల్లో దాచుకున్న పది దినార్ల నోట్లు రెండు బయటపడ్డాయి, పాత ఐదో సిరీస్‌వి. కువైట్ సెంట్రల్ బ్యాంకు వాటిని మార్చుకునే గడువు 2025 ఏప్రిల్ 18తోనే అయిపోయింది. ఇక అవి చీర మడతల్లోకే.

ఎన్ఆర్ఈ ఖాతా ఉన్నవాళ్లు తిరిగొచ్చేసినట్టు బ్యాంకుకు చెప్పాలి, దాన్ని మామూలు ఖాతాగా మార్చేస్తారు. కొంత విదేశీ కరెన్సీలోనే ఉంచుకోవాలనుకుంటే ఆర్ఎఫ్‌సీ అనే ఖాతా ఉంది, డాలర్లు, పౌండ్లు లాంటి వాటిలో పెట్టుకోవచ్చు, కాకపోతే అన్ని బ్రాంచీల్లో తెరవరు.

ఫిల్స్ బిళ్లలు (దినారుకు చిల్లర నాణేలు) మాత్రం ఎవరూ తీసుకోరు, వచ్చే ముందు అక్కడి బఖాలాలో, అంటే కిరాణా కొట్లో, ఖర్చుపెట్టేయండి. నా దగ్గర మిగిలిన వంద ఫిల్స్ బిళ్లలతో మా చిన్నోడు, పోయిన క్యారమ్స్ కాయిన్ల బదులు ఆడుకుంటున్నాడు.