మన క్లబ్బు గురించి రాసే విలేకరి న్యాయంగా రాస్తున్నారా? అభిమానులు తేల్చుకోవలసిన పద్ధతి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులైన లివర్‌పూల్‌నో, ఆర్సెనల్‌నో, మాంచెస్టర్ యునైటెడ్‌నో ఏళ్ల తరబడి అభిమానిస్తూ హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉండేవారికి, ఆ క్లబ్బు లోపల ఏం జరుగుతోందో స్వయంగా చూసే దారి లేదు. టీవీలో కనిపించే తొంభై నిమిషాల ఆట తప్ప, మేనేజర్‌కు యజమానులతో పడుతోందా, ఫలానా ఆటగాడు ఎందుకు వెళ్లిపోవాలనుకుంటున్నాడు, గాయం ఎంత తీవ్రమైనది అన్నవన్నీ విలేకరి చెబితేనే మనకు తెలుస్తాయి. అందుకే ఆ విలేకరి న్యాయంగా రాస్తున్నారా అన్న ప్రశ్న మనకు ముఖ్యమైనది. దీనికి అభిమానులం చాలా తొందరగా జవాబు చెప్పేస్తాం. మన జట్టును మెచ్చుకున్నవారు మంచివారు, తప్పుపట్టినవారు పగబట్టినవారు అని తీర్మానిస్తాం. ఒకరిని పక్షపాతి అనడం ఆ మనిషి వృత్తి నిజాయితీ మీద వేసే అభియోగం. ఆధారం లేకుండా రాశారని విలేకరిని నిందించే మనం, ఆధారం లేకుండా ఆ నింద వేయకూడదు. ఆ ఆధారాలను ఎలా కూడగట్టాలో, ఏది ఆధారం కాదో ఇక్కడ వివరిస్తాను.

మొదట చూసుకోవలసింది మన మొగ్గును. 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల జట్లు వారి తరహా ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి చాలా మొరటుగా ఆడాయి. తరువాత ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ మ్యాచ్ ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు చూపించి, కనిపించిన తప్పిదాలను లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పిదాలు డార్ట్‌మత్ విద్యార్థులకు కనిపించినదానికి రెట్టింపు కన్నా ఎక్కువగా ప్రిన్స్‌టన్ విద్యార్థులకు కనిపించాయని 1954లో ప్రకటించారు. ఫిల్ము ఒక్కటే, ఎవరూ అబద్ధం చెప్పలేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పశ్చిమాసియా వార్తా ప్రసారాలతో ఇలాంటి పరీక్షే జరిపి 1985లో ప్రకటించినప్పుడు, ఇజ్రాయెల్ పక్షం వారూ అరబ్బుల పక్షం వారూ ఒకే ప్రసారాన్ని చూసి అది తమకే వ్యతిరేకంగా ఉందని చెప్పారు. కాబట్టి ఒక కథనం చదివినప్పుడు మనకు వచ్చిన కోపం, ఆ కథనం అన్యాయమైనదనడానికి సాక్ష్యం కాదు.

దీనికి ఆచరణలో పనికివచ్చే చిన్న పరీక్ష ఉంది. కథనంలో మన క్లబ్బు పేరున్న ప్రతి చోటా ప్రత్యర్థి క్లబ్బు పేరు పెట్టి, అవే వాక్యాలను నెమ్మదిగా మళ్లీ చదవండి. ఆర్సెనల్ అభిమాని అయితే టోటెన్‌హామ్ పేరు, లివర్‌పూల్ అభిమాని అయితే ఎవర్టన్ పేరు పెట్టుకోవచ్చు. అప్పుడు అదే కథనం నిక్కచ్చిగా, సరిగా రాసినట్టు అనిపిస్తే లోపం రాతలో లేదు. ఓడిన రాత్రి మాత్రం ఈ పరీక్ష చేయవద్దు, కనీసం ఒక రోజు గడవనివ్వండి.

ఇక కథనం ఏ రకానికి చెందినదో గుర్తించాలి. వార్త, మ్యాచ్ రిపోర్టు, విశ్లేషణ, అభిప్రాయ వ్యాసం అన్నింటినీ ఒకే కొలతతో కొలవడం వల్లనే సగం తగాదాలు వస్తున్నాయి. టీవీ వ్యాఖ్యాతలైన మాజీ ఆటగాళ్లలో గ్యారీ నెవిల్ మాంచెస్టర్ యునైటెడ్ మనిషి, జేమీ కారగర్ లివర్‌పూల్ మనిషి అన్నది దాచిన సంగతి కాదు. అలాంటి వ్యాఖ్యాతల విషయంలో చూడవలసింది వారు చెప్పే కారణం నిలుస్తుందా లేదా అన్నదే. మ్యాచ్ రిపోర్టు సంగతి వేరు. రాత్రి మ్యాచ్‌లకు ఆఖరి విజిల్ మోగేసరికి రిపోర్టు పత్రిక కార్యాలయానికి చేరాలి గనుక, విలేకరి ఆట నడుస్తుండగానే చాలా భాగం రాసి ఉంచుతారు. 1999 మే 26న బార్సిలోనాలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో తొంభయ్యో నిమిషం దాకా బాయర్న్ మ్యూనిక్ 1-0 ఆధిక్యంలో ఉంది. ఆగిన సమయానికి కలిపిన కొద్ది నిమిషాల్లో షెరింగ్‌హామ్, సోల్షార్ చెరో గోలు కొట్టి మాంచెస్టర్ యునైటెడ్‌ను గెలిపించారు. ఆ రెండు మూడు నిమిషాల్లో అప్పటిదాకా రాసిందంతా తిరగరాయవలసి వచ్చే పరిస్థితిని ఊహించుకుంటే, రాత్రి మ్యాచ్ రిపోర్టులో ఒక ఆటగాడి ప్రస్తావన తగ్గడాన్ని కుట్ర అనడానికి మనసొప్పదు. ఆటగాళ్లకు పదికి ఇన్ని అని వేసే మార్కులు కూడా ఆ హడావుడిలోనివే, వాటి మీద తగవు పెట్టుకోనవసరం లేదు.

హెడ్డింగు విషయం తప్పకుండా గుర్తుంచుకోవాలి. పత్రికల్లో హెడ్డింగు పెట్టేది సాధారణంగా డెస్కులోని సబ్ ఎడిటర్లు, రాసిన విలేకరి కాదు. లోపల జాగ్రత్తగా రాసిన వాక్యానికి పైన రెచ్చగొట్టే హెడ్డింగు ఉంటే తప్పు పత్రికది, కాబట్టి ఆ విలేకరి ఖాతాలో వేయకూడదు. మరో అనుమానం కూడా తరచు వినిపిస్తుంది. నలుగురైదుగురు విలేకరులు ఒకే నిమిషంలో ఒకే మాట రాస్తే, అందరూ కూడబలుక్కున్నారని అభిమానులు అంటారు. మ్యాచ్‌కు ముందు జరిగే విలేకరుల సమావేశంలో కొంత భాగాన్ని ఫలానా గంట దాకా ప్రచురించకూడదన్న ఒప్పందం ఇంగ్లండ్‌లో మామూలు, ఆ గడువు తరచు అక్కడి రాత్రి పదిన్నర. మనకు అప్పుడు వేసవిలో తెల్లవారుజామున మూడు, చలికాలంలో నాలుగు గంటలు. నిద్రలేచేసరికి ఫోన్ నిండా ఒకే మాట కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇన్ని మినహాయింపులు ఇచ్చిన తరువాత అసలు పక్షపాతాన్ని పట్టుకునేదెలా? నాకు తెలిసినంతలో అన్నింటికన్నా గట్టి పద్ధతి జత చేసి చూడడం. 2018 డిసెంబరులో, చెల్సీ మైదానంలో ప్రేక్షకుల దూషణకు గురైన మర్నాడు, మాంచెస్టర్ సిటీ ఆటగాడు రహీమ్ స్టెర్లింగ్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పత్రికకు చెందిన రెండు కథనాలను పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండూ అదే క్లబ్బులోని యువ ఆటగాళ్లు తల్లి కోసం ఇల్లు కొన్న సంగతి గురించినవే. నల్లజాతి ఆటగాడైన టోసిన్ అడరబయోయో కథనంలో అతని వారం జీతమూ, ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదన్న మాటా హెడ్డింగులోకే ఎక్కాయి. తెల్లవాడైన ఫిల్ ఫోడెన్ కథనంలో మాత్రం కుర్రాడు అమ్మకు ఇల్లు కొనిచ్చాడన్న ఆప్యాయత కనిపించింది. విడివిడిగా చదివితే ఏ కథనంలోనూ అబద్ధం ఉన్నట్టు తోచకపోవచ్చు. జత చేసినప్పుడే మొగ్గు బయటపడింది. స్టెర్లింగ్ ఎవరినీ తిట్టలేదు, రెండు సాక్ష్యాలు పెట్టి చదువుకోమన్నాడు. ఆ తరువాత ఆటగాళ్ల గురించి రాసే తీరు మీద ఇంగ్లండ్‌లో పెద్ద చర్చే నడిచింది.

అభిమానులు ఇదే పద్ధతిని అనుసరించాలి. మీ క్లబ్బు పెనాల్టీ మీద గెలిచినప్పుడు ఆ విలేకరి ఏమన్నారు, ప్రత్యర్థి పెనాల్టీ మీద గెలిచినప్పుడు ఏమన్నారు? మీ మేనేజర్ రిఫరీ మీద విరుచుకుపడితే ఏ మాట వాడారు, మరో మేనేజర్ అదే పని చేస్తే ఏ మాట వాడారు? జతలో రెండు సంఘటనలూ నిజంగా పోలినవై ఉండాలి, రాసిన చేయీ ఒకటే అయి ఉండాలి. ఒక్క జత దొరికితే చాలదు, ఒక సీజన్ పొడుగునా పలుమార్లు అదే దిశలో తేడా కనబడాలి. అందుకు ఒక నోటుపుస్తకంలోనో ఫోన్‌లోనో తేదీ, కథనం పేరు, వాడిన మాట యథాతథంగా రాసుకుంటూ పోవాలి. మీ అనుమానానికి వ్యతిరేకంగా ఉన్న కథనాలను కూడా రాసుకోవడం తప్పనిసరి, లేకపోతే ఆ పుస్తకానికి విలువ లేదు.

తరువాత చూడవలసింది సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందన్నది. “విశ్వసనీయ వర్గాల సమాచారం”, “క్లబ్బు వర్గాల ద్వారా తెలిసింది” వంటి మాటలు మన తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. ఫుట్‌బాల్‌లో ఆ వర్గం క్లబ్బు అధికారి కావచ్చు, ఆటగాడి ఏజెంటు కావచ్చు, పదవి కోల్పోబోతున్న మేనేజర్‌కు సన్నిహితులు కావచ్చు. పేరు చెప్పకపోవడం దానంతటదే తప్పు కాదు, పేరు చెబితే ఉద్యోగం పోయే మనిషి మరోలా మాట్లాడలేడు. మనం అడగవలసింది ఈ కథనం ఇవాళ అచ్చయితే ఎవరికి లాభం అన్నది. ఒప్పందం ముగిసే ఏడాదిలో పెద్ద క్లబ్బులు తమ ఆటగాడి వెంట పడుతున్నాయని వార్త వస్తే జీతం బేరంలో లాభం ఏజెంటుకు. వరుస ఓటముల తరువాత మేనేజర్ మాట ఆటగాళ్లు వినడం లేదని వార్త వస్తే, నెపం పైవారి నుంచి తొలగుతుంది. న్యాయంగా రాసే విలేకరి ఆ లాభాన్ని పాఠకుడికి తెలిసేలా రాస్తారు, అవతలి పక్షాన్ని అడిగారో లేదో చెబుతారు. కొందరి కథనాల్లో ఏళ్ల తరబడి ఒకే ఏజెంటు ఆటగాళ్లకు మంచి మాట, ఒకే అధికారికి రక్షణ కనబడుతుంటే, నోటుపుస్తకంలో దానికో పేజీ కేటాయించండి.

పత్రిక యజమాని ఎవరన్నదీ తెలుసుకోవాలి. 1998లో బ్రిటన్ టీవీ సంస్థ బీస్కైబీ 62.3 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌ను కొనబోయింది. అభిమానుల తీవ్ర వ్యతిరేకత నడుమ 1999 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని అడ్డుకుంది. ఆ టీవీ సంస్థలో ప్రధాన వాటా ఉన్న మర్డోక్ గ్రూపుకే ది టైమ్స్, ది సన్ పత్రికలు ఉన్నాయి. అలాంటి సమయంలో ఒక పత్రిక ఆ సంబంధాన్ని కథనంలో స్పష్టంగా చెప్పిందా లేదా అన్నది పాఠకుడు పరిశీలించదగిన విషయం.

క్లబ్బే ఒక విలేకరిని నిషేధించినప్పుడు అభిమానుల్లో చాలామంది క్లబ్బు పక్షం తీసుకుంటారు. ఇక్కడ మనం చాలా జాగ్రత్తగా ఉండాలి. 2013 అక్టోబరులో న్యూకాసిల్ యునైటెడ్ స్థానిక పత్రికలైన క్రానికల్, జర్నల్, సండే సన్ విలేకరులను మైదానానికి రానివ్వలేదు. యజమాని మైక్ ఆష్లీకి వ్యతిరేకంగా అభిమానులు చేసిన ఊరేగింపు గురించి ఆ పత్రికలు రాసిన తీరు క్లబ్బుకు నచ్చలేదు. అంటే అభిమానుల గొంతు వినిపించినందుకే తలుపు మూసుకుంది. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ తన కుమారుడి మీద వచ్చిన కార్యక్రమానికి కోపించి 2004 నుంచి 2011 దాకా బీబీసీతో మాట్లాడలేదు. ఆయన గొప్ప మేనేజర్ అన్నది ఎంత నిజమో, ఆ ఏడేళ్ల మౌనం బీబీసీ క్రీడా విలేకరుల నిజాయితీ గురించి మనకేమీ చెప్పదన్నదీ అంతే నిజం. క్లబ్బు దయ మీద ఆధారపడే విలేకరి సున్నితంగా రాసే ప్రమాదం ఎక్కువ గనుక, ఎన్నడూ క్లబ్బుకు కోపం తెప్పించని విలేకరినే నేను ముందు అనుమానిస్తాను.

అభిమానుల తీర్పు పూర్తిగా సరైనదైన సందర్భమూ ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట చివరికి 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు తీసింది. నాలుగు రోజుల తరువాత ది సన్ పత్రిక, అభిమానులు బాధితుల జేబులు కొట్టారని, సహాయం చేస్తున్న పోలీసులపై దాడి చేశారని “నిజం” అన్న హెడ్డింగు కింద మొదటి పేజీలో వేసింది. ఆ ఆరోపణలు పోలీసుల నుంచి, ఒక పార్లమెంటు సభ్యుడి నుంచి షెఫీల్డ్‌లోని ఒక వార్తా సంస్థ ద్వారా వచ్చాయి. 2012లో స్వతంత్ర కమిటీ వాటికి ఆధారం లేదని తేల్చింది, పత్రిక క్షమాపణ చెప్పింది. 2016 ఏప్రిల్‌లో విచారణ జ్యూరీ మృతులు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని, ప్రమాదంలో అభిమానుల తప్పు లేదని తీర్పు ఇచ్చింది. 2017 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు ఆ పత్రిక విలేకరులను తన ఆవరణలోకి రాకుండా నిషేధించింది. లివర్‌పూల్ నగరవాసులు ఆ పత్రికను కొనడం మానేసి నిలబడ్డారు, వారి మాట అక్షరాలా రుజువైంది. అన్యాయమైన రాత అంటే ఏమిటో ఈ ఒక్క ఉదంతం నుంచి నేర్చుకోవచ్చు. నిందించినవారు తమ తప్పు కప్పిపుచ్చుకోవలసిన స్థితిలో ఉన్నారు, నిందపడినవారిని ఎవరూ అడగలేదు, ఆరోపణను నిజమని ప్రకటించారు, దిద్దుకోవడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. మీ విలేకరి రాతలో ఈ నాలుగింటిలో ఏవి ఉన్నాయో చూడండి. ఏవీ లేకుండా కేవలం కటువుగా రాసి ఉంటే, దానిని హిల్స్‌బరో నాటి రాతతో పోల్చడం ఆ మృతులకు కూడా అన్యాయమే.

దిద్దుబాటు విషయంలో మాంచెస్టర్ సిటీ ఉదంతం మంచి కొలబద్ద. 2018 నవంబరులో జర్మన్ పత్రిక డెర్ ష్పీగెల్ ఆ క్లబ్బు ఆర్థిక వ్యవహారాల మీద పత్రాలు బయటపెట్టింది. 2020 ఫిబ్రవరిలో యూరప్ ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ, యూరప్ పోటీల నుంచి రెండు సీజన్ల నిషేధమూ, 3 కోట్ల యూరోల జరిమానా విధించింది. అదే ఏడాది జులైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టివేసి, జరిమానాను కోటి యూరోలకు తగ్గించింది. ఆరోపణల్లో చాలావరకు రుజువు కాలేదని లేదా గడువు దాటినవని ఆ న్యాయస్థానం చెప్పింది. ఫిబ్రవరి తీర్పును ఎంత ప్రముఖంగా రాశారో జులై తీర్పునూ అంతే ప్రముఖంగా రాశారా అని సిటీ అభిమాని చూడాలి. రుజువు కాకపోవడం, గడువు దాటడం అన్న రెండు కారణాలనూ కలిపి చెప్పారా, తమకు నచ్చిన ఒక్కదాన్నే చెప్పారా అని అందరు అభిమానులూ చూడాలి.

ఇన్ని చూసిన తరువాత నిజంగానే తప్పు దొరికితే ఫిర్యాదు చేయాలి. చాలా బ్రిటిష్ పత్రికలు 2014లో ఏర్పడిన ఇప్సో అనే స్వతంత్ర ప్రమాణాల సంస్థ పరిధిలో ఉన్నాయి. ఆ నియమావళిలో మొదటి నిబంధన సమాచారపు ఖచ్చితత్వం గురించినదే. ముందు పత్రికకే రాయడం మంచిది. ది గార్డియన్ ఇప్సోలో లేదు, దానికి పాఠకుల ఫిర్యాదులు చూసే సంపాదకులు వేరుగా ఉన్నారు. బీబీసీకి తన సొంత ఫిర్యాదు పద్ధతి ఉంది. ఫిర్యాదులో పక్షపాతం, కుట్ర, అమ్ముడుపోవడం వంటి మాటలేవీ వాడకండి. తేదీ, తప్పుగా ఉన్న వాక్యం, అది తప్పనడానికి రుజువు, కోరుతున్న సవరణ రాస్తే చాలు. సామాజిక మాధ్యమాల్లో విలేకరి మీద, ముఖ్యంగా మహిళా విలేకరుల మీద గుంపుగా పడి దూషించడాన్ని ఏ కారణమూ సమర్థించదు. ఫిర్యాదుకు జవాబు వస్తే, సవరణ ఎన్ని రోజులకు వేశారో, ఎక్కడ వేశారో, కథనంలోనే తప్పును దిద్దారో లేదో ఆ నోటుపుస్తకంలోనే రాసుకోండి. అడిగిన వారంలోపే తన పేరు మీద తప్పు దిద్దుకున్న విలేకరి రాసే తరువాతి కథనాన్ని, మీ క్లబ్బు గురించి ఎంత చేదుగా ఉన్నా, చివరిదాకా చదవండి.