మహేంద్రగిరి లాంటి పాత కొండ గుడిని ఎలా చూడాలి

పర్లాకిమిడి, మందస వైపు మనోళ్ళు శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతారు, దండం పెట్టుకుంటారు, భీముడి గుడి ముందు సెల్ఫీ దిగుతారు, దిగొచ్చేస్తారు. గుడిని మాత్రం సరిగ్గా చూసినోళ్ళు తక్కువ. శివరాత్రి జనంలో చూడటం కుదరదు కూడా, అందుకే చలికాలంలో వేరే రోజు పెట్టుకోండి. కొండ ఎత్తు 1501 మీటర్లు, ఎప్పుడు మబ్బు కమ్ముతుందో తెలీదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రాతి మీద అరిగిపోయిన బొమ్మ కూడా నీడతో పైకి తేలుతుంది, నడినెత్తి ఎండలో అదే గోడ బోడిగా కనిపిస్తుంది.

కుంతి గుడి, భీముడి గుడి, ధర్మరాజు గుడి అనే కథల్ని కాసేపు పక్కన పెట్టండి. కథ బాగుంటుంది గానీ ఎవరు కట్టారో చెప్పదు. ఈ కొండని నెత్తిన పెట్టుకున్నది కళింగని ఏలిన తూర్పు గంగ రాజులు, వాళ్ళ రాగి శాసనాలు మహేంద్రగిరి శిఖరం మీదున్న గోకర్ణేశ్వర స్వామి పేరు ఎత్తుకున్నాకే రాజు సంగతికి వస్తాయి. వాళ్ళ రాజధాని కళింగనగరం శ్రీకాకుళం జిల్లాలోని మన ముఖలింగమే అని ఎక్కువమంది చరిత్రకారుల మాట.

గుడి దగ్గరికి పరిగెత్తకండి, దూరంగా నిలబడి ముందు ఆకారం చూడండి. నిలువుగా లేచి పైన లోపలికి వంగితే ఒడియావాళ్ళు రేఖా దేవుల్ అంటారు (దేవుల్ అంటే గుడి), మెట్లు మెట్లుగా పైకి సన్నబడితే పీఢా దేవుల్. తర్వాత కిందనుంచి పైకి రండి. అడుగున పట్టీలు పట్టీలుగా ఉండేది పాభాగ, దాని మీద నిలువు గోడ జంఘ, వంగుతూ పోయేది గండి, అన్నిటికీ పైన ఉసిరికాయలా గాట్లున్న గుండ్రటి రాయి ఆమలకం. కూలిన గుడిలో మొదట పడేది పై భాగమే కాబట్టి చుట్టూ గడ్డిలో వెతకండి, ఆమలకం ముక్క దొరికిందంటే పైన శిఖరం ఎలాంటిదో తెలిసిపోయినట్టే. భీముడి గుడి చిన్నదే, కానీ ఆ బండల సైజు చూస్తే నోరు తెరుచుకుంటుంది, చెక్కడాలు మాత్రం పెద్దగా ఉండవు. ఎన్ని బండలు పేర్చారో లెక్కపెట్టి చూడండి, అంత ఎత్తున వాటినెలా నిలబెట్టారా అని నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు అతుకులు చూడండి. ఈ ప్రాంతపు పాత గుళ్ళలో మామూలుగా సున్నం ఉండదు, రాయి మీద రాయి, బరువే పట్టుకుంటుంది, అక్కడక్కడ ఇనప బద్దీలు. కప్పు కూడా ఆర్చి కాదు, ఒక్కో వరస కొంచెం కొంచెం ముందుకి జరిపి పైన మూసేస్తారు. వెనక బరువు తగ్గితే ముందు రాయి జారుతుంది. అందుకే గోడలో రావి మొక్క మొలిస్తే భక్తితో పీకెయ్యకండి, వేరుతో పాటు రాళ్ళూ కదిలొచ్చేస్తాయి, ఆ పని తెలిసినోళ్ళకి వదిలెయ్యండి.

ద్వారబంధం దగ్గర ఎక్కువసేపు ఆగండి, అసలు సరుకు అక్కడే. నడుమ గజలక్ష్మి ఉందా, పైన గ్రహాల పలక ఉందా? ఉంటే బొమ్మలు లెక్కపెట్టండి. భువనేశ్వర్లో 7వ శతాబ్దపు పరశురామేశ్వర గుడిలో ఎనిమిదే, కేతువు లేడు, 10వ శతాబ్దపు ముక్తేశ్వరానికి వచ్చేసరికి తొమ్మిది. కాలం అంచనాకి ఇది మంచి గుర్తు, కానీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. తర్వాత బయట మూడు వైపులా గూళ్ళు చూడండి. తూర్పు ముఖం శివాలయమైతే దక్షిణాన వినాయకుడు, పడమట కుమారస్వామి, ఉత్తరాన పార్వతి మామూలు. గూడు ఖాళీ అయినా దిక్కుని బట్టి ఎవరుండాలో చెప్పేయొచ్చు. తలకిందులుగా పెట్టిన చెక్కడం, రంగు తేడా రాయి, సిమెంటు కనిపిస్తే అది తర్వాతి రిపేరు. ఆయిల్ పెయింటు కొట్టినోళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

అక్షరాలు దొరికితే సుద్ద, నూనె, పసుపు ఏదీ రాయొద్దు, టార్చి పక్కనుంచి కొట్టి ఫొటో తియ్యండి. అక్షరం కనపడగానే తెలుగు లిపేనని ఫిక్సైపోవద్దు, ఈ కొండ మీద తమిళం కూడా ఉంది, రాజేంద్ర చోళుడి సేన కుళూత రాజు విమలాదిత్యుణ్ణి ఓడించి జయస్తంభం నాటిన సంగతి అందులోదే, పక్కన చోళుల గుర్తు పులి, పాండ్యుల గుర్తు రెండు చేపలు. శక సంవత్సరం కనిపిస్తే 78 కలపండి, క్రీస్తు శకం వస్తుంది. రాజు ఏలుబడిలో ఎన్నో సంవత్సరమో అంకం అనే లెక్కలో ఉంటే జాగ్రత్త, ఆ లెక్కలో ఒడిశా రాజులు 1 వదిలేసేవాళ్ళు, 6తోనూ సున్నాతోనూ ముగిసే అంకెలు కూడా వదిలేసేవాళ్ళు, సున్నావాటిలో 10 ఒక్కటే ఉంచేవాళ్ళు, కాబట్టి 17వ అంకం అంటే నిజానికి 14వ సంవత్సరం.

దిగాక వీలైతే అదే వారంలో ముఖలింగం మధుకేశ్వరుడి గుడికి పోండి, కొండ మీద అరిగిపోయి అర్థంకాని ద్వారబంధాలు అక్కడ చాలావరకు నిండుగా ఉంటాయి, ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.