కమాన్ పట్టీ వంపు ఇలా తీశాను

కత్తి కోసం పాత లారీ కమాన్ పట్టీ (బండి కింద ఉండే స్ప్రింగ్ పట్టీ) ముక్క తెచ్చాను. ఉక్కు మంచిదే, కానీ విల్లులా వంగి ఉంది. చల్లగా ఉండగా ఎంత కొట్టినా స్ప్రింగ్ గుణం వల్ల మళ్లీ వంపు తిరుగుతుంది, పగిలే ప్రమాదమూ ఉంది. అందుకే కొలిమిలో పెట్టాను.

ముక్క అంతా ఒకే ఎరుపు రావాలి. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దాటితే అయస్కాంతం అంటుకోదు, నాకు అదే గుర్తు. ఉబ్బు పైకి వచ్చేలా దాగలి మీద పెట్టి కర్ర సుత్తితో కొట్టాను. ఇనుప సుత్తి అయితే గుంటలు పడతాయి, వాటిని అరగదీయడం పెద్ద పని. ఎరుపు తగ్గగానే మళ్లీ కొలిమిలోకి.

వంపు కన్నా మెలి మొండిది. ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తేనే అది తెలుస్తుంది. ఒక చివర వైస్‌లో బిగించి, రెండో చివర పెద్ద రెంచితో పట్టుకుని, ఎర్రగా ఉండగానే వెనక్కి తిప్పాను.

ఆ వేడి మీద నీళ్లలో మాత్రం ముంచొద్దు, పెళుసెక్కుతుంది. పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేశాను. పొద్దునకి ఉక్కు మెత్తబడి, ఆకురాయి హాయిగా పట్టింది. అద్దం పలక మీద పెట్టి చూస్తే మధ్యలో సన్నని వెలుతురు గీత కనిపించింది. అంత మాత్రం గ్రైండింగ్‌లో పోతుంది.