బూరుగ చెట్టు మీద ఉడుతల్ని స్టడీ చేయాలంటే

జనవరి నుంచి మార్చి మధ్యలో వెళ్ళండి, అప్పుడు బూరుగకి ఆకు ఉండదు, ఎర్రటి పూలే ఉంటాయి కాబట్టి ఉడుత ఏం చేస్తుందో కింద నుంచే క్లియర్‌గా కనిపిస్తుంది. పొద్దున్నే వెళ్ళి దూరంగా కూర్చోండి, తోక ఎగరేస్తూ కిచకిచమని అరుస్తుంటే మిమ్మల్ని చూసేసినట్టే, అది సద్దుమణిగే దాకా ఏమీ రాయకండి. తర్వాత ఐదు నిమిషాలకోసారి చెట్టంతా చూసి ఏ ఉడుత ఏం చేస్తుందో నోట్ చేయడమే, దీన్నే స్కాన్ సాంప్లింగ్ అంటారు. అసలు చూడాల్సింది ఏంటంటే అది మూతిని పువ్వు లోపల పెట్టి తేనె మాత్రమే తాగుతోందా, లేక పువ్వునే కొరికేస్తోందా అని, ఎందుకంటే మూతికి అంటిన పుప్పొడి వేరే పూలకి చేరితే చెట్టుకి లాభం, కొరికితే నష్టం (బైనాక్యులర్స్ లేకుండా ఇది తేలదు). అది బూరుగేనని చూపించడానికి కాండం మీద ముళ్ళు, పువ్వు ఫోటో తీసుకోండి, ఆకుల కోసం వానాకాలంలో మళ్ళీ రావాలి, ఒక్కో కాడకి 5 నుంచి 7 చిన్నాకులు చేతివేళ్ళలా విచ్చుకుని ఉంటాయి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే ముందే అటవీ శాఖ పర్మిషన్ తీసుకోండి.